పేగు జబ్బులో ఉప్పు పథ్యం

మన యిండ్లలో ఎవరికైనా కడుపు చెడినదంటే వంటింట్లో మొట్టమొదట మారేది ఉప్పు. "నాలుగు దినములు చప్పిడి పెట్టండి" అని పెద్దలు తీర్పు చెబుతారు. తెలంగాణ పల్లెల్లో ఇదే సప్పిడి తిండి. అన్నం చప్పిడి, చారు చప్పిడి, చివరకు మజ్జిగ కూడా చప్పిడి. ఈ ఆచారము తరతరాలుగా నడచి వచ్చినది. దానిని ఎగతాళి చేయడం నా ఉద్దేశము కాదు. రక్తపోటు ఉన్నవారికి, కాళ్ళు వాచినవారికి అది ఎంతో మేలు చేసిన పథ్యమే. కాని అదే పథ్యమును మాసముల తరబడి, సంవత్సరముల తరబడి విరేచనములతో బాధపడే మనిషికి పెట్టినప్పుడు, జబ్బు చేసిన కీడుకు పథ్యము చేసే కీడు తోడవుతుంది. నేడు నేను చెప్పదలచినది ఆ మనిషిని గురించి.

ఆ జబ్బును వైద్యులు పేగుల శోథవ్యాధి అంటారు. ఇది ఒక్కటి కాదు, ముఖ్యముగా రెండు. ఒకటి అల్సరేటివ్ కొలైటిస్: పెద్దపేగు లోపలి పొర ఎర్రబడి, పుండ్లు పడి, జిగట, రక్తము కలిసిన విరేచనములు అవుతాయి. 1859లో శామ్యూల్ విల్క్స్ అనే ఆంగ్ల వైద్యుడు దీనికి ఈ పేరు వాడినాడు. రెండవది క్రోన్స్ వ్యాధి. 1932లో న్యూయార్కులో బరిల్ క్రోన్, ఆయన సహచరులు దీనిని వర్ణించినారు. ఇది నోటి నుండి మలద్వారము వరకు ఎక్కడనైనా రావచ్చును. తరచుగా చిన్నపేగు చివరి భాగములో వస్తుంది. పేగు గోడ మొత్తమును పట్టి, దారిని ఇరుకు చేస్తుంది. రెండూ అంటువ్యాధులు కావు. శరీరమును కాపాడవలసిన రక్షణ బలగమే దారి తప్పి సొంత పేగు మీద పడడం వలన వచ్చేవి. కొన్నాళ్ళు అణగి ఉంటాయి, కొన్నాళ్ళు రేగుతాయి. ఈ అణగుట, రేగుట అనే మాటలను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. ఉప్పు లెక్క అంతా వీటి మీదనే తిరుగుతుంది.

ఇవి పాశ్చాత్యుల జబ్బులనీ, మహా అయితే పట్టణవాసుల జబ్బులనీ చాలకాలము అనుకొన్నారు. ఆ భ్రమ మన తెలంగాణలోనే తొలగినది. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు కడుపు బాధలతో వచ్చిన ముప్పై వేల మందికి పైగా రోగులను పట్టణములోను, పల్లెలకు వెళ్ళిన శిబిరములలోను పరీక్షించి, 2023లో ఫలితములను ప్రకటించినారు. పెద్దపేగులోకి గొట్టము పంపి కంటితో చూసి చేసిన పరీక్ష అది, ఊహ కాదు. పల్లెవారిలోను పట్టణవారిలోను ఈ జబ్బు పాలు ఇంచుమించు సమానముగానే కనిపించినది. పల్లెలో ఇదివరకు లేదా, ఉండీ మొలలనీ, అమీబా అనీ, వేడి చేసినదనీ సరిపెట్టుకొన్నామా అన్నది వేరే ప్రశ్న. రెండూ కొంత నిజము కావచ్చునని నాకు తోస్తున్నది. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. మన దేశములో పేగుల క్షయ ఎక్కువ. అది క్రోన్స్ వ్యాధిని అచ్చముగా పోలి ఉంటుంది. రెంటి మందులు వేరు. క్షయ ఉన్న మనిషికి శోథవ్యాధి మందు ఇస్తే ప్రమాదము. కనుక వారముల తరబడి రక్త విరేచనములు పోతున్నా, బరువు తగ్గుతున్నా ఇంటి వైద్యముతో కాలము గడపరాదు.

పల్లె అన్నాను గనుక ఒక పల్లెను ముందు పెట్టుకొని మాట్లాడుకొందాము. సిద్దిపేట జిల్లా మర్కూక్ మండలములో ఎర్రవల్లి ఉన్నది. ఇదివరకు మెదక్ జిల్లాలోనిది. 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా ఏర్పడినప్పుడు ఇందులోనికి వచ్చినది. సమీపములోని కొండపోచమ్మ సాగరమునకు 2020 మే నెలలో గోదావరి నీరు ఎక్కినది. నీరు గోదావరి నుండి వచ్చినట్లే, ఈ ప్రాంతములో ఉప్పు ఎప్పుడూ పరాయి చోటు నుండి రావలసినదే. పూర్వము కోస్తా కొఠార్ల నుండి బంజారాలు ఎద్దుల మీద ఉప్పు బస్తాలు వేసుకొని దక్కను పీఠభూమి ఎక్కేవారు. అంత దూరము నుండి వచ్చిన దొడ్డుప్పును చిటికెలతో కొలిచి వాడుకొన్న కాలమది. నేడు నౌపడ ఉప్పైనా, గుజరాతు ఉప్పైనా కిరాణా దుకాణములో సంచీ కట్టి దొరుకుతున్నది. దాని పక్కనే, దండలు కట్టి వ్రేలాడే కారపు చిరుతిళ్ళ పొట్లములలోనూ అదే ఉప్పు మరో వేషములో ఉన్నది.

ఇప్పుడు పేగు చేసే పనిని చూద్దాము. దినమునకు సుమారు తొమ్మిది లీటర్ల ద్రవము మన చిన్నపేగులోనికి చేరుతుంది. ఇందులో మనము త్రాగినదీ తిన్నదీ కలిసి రెండు లీటర్లు మాత్రమే. మిగిలిన ఏడు లీటర్లు ఉమ్మి, జఠరరసము, పైత్యరసము, క్లోమరసము, పేగు ఊటలు. అనగా మన రక్తము నుండి ఊరినవే. దీనిలో అధికభాగమును చిన్నపేగు తిరిగి పీల్చుకొంటుంది. లీటరు, లీటరున్నర పెద్దపేగుకు దిగుతుంది. పెద్దపేగు దానిని కూడా పీల్చి, చివరకు నూరు, రెండు వందల మిల్లీలీటర్లు మాత్రమే బయటకు విడుస్తుంది. అయితే పేగుకు నీటిని నేరుగా పీల్చే శక్తి లేదు. ఉప్పులోని సోడియంను లోపలికి లాగుతుంది. ఆవు వెంట దూడ పోయినట్లు సోడియం వెంట నీరు పోతుంది. పేగు పొర వాచి పుండ్లు పడినప్పుడు మొదట కుంటుపడేది ఈ సోడియంను లాగే యంత్రాంగమే. అప్పుడు నీరూ ఉప్పూ రెండూ పేగులోనే నిలిచి, విరేచనముగా వెళ్ళిపోతాయి.

ఎర్రవల్లి పొలములో మే నెల ఎండలో పని చేసే ఒక యువకుని ఊహించుకొనండి. అతనికి కొలైటిస్ రేగినది. దినమునకు ఎనిమిది పది సార్లు విరేచనములు. మలములో ఉప్పు పోతున్నది. చెమటలో ఉప్పు పోతున్నది. ఇంటిలో తల్లి ప్రేమతో సప్పిడి అన్నము పెడుతున్నది. దాహమని అతడు చెంబులకు చెంబులు వట్టి నీరు త్రాగుతున్నాడు. ఉన్న కొద్ది ఉప్పు ఇంకా పలచబడుతున్నది. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి, రాత్రి పిక్కలు పట్టుకొంటాయి, మూత్రము తగ్గి రంగు తేలుతుంది. జబ్బు ముదిరినదని ఇంటివారు భయపడి పథ్యమును ఇంకా బిగిస్తారు. అతనికి కావలసినది ఆ సమయములో ఉప్పు. దానితోపాటు కొంచెము చక్కెర.

చక్కెర ఎందుకనగా, పేగులో సోడియంకు మరొక ద్వారము ఉన్నది. గ్లూకోజు, సోడియం జంటగా వచ్చినప్పుడు తెరచుకొనే ద్వారమది. విరేచనములలో కూడా అది చాలావరకు పని చేస్తూనే ఉంటుంది. ఈ ఒక్క సంగతి మీద నిలిచినదే ఓ.ఆర్.ఎస్. అనే ద్రావణము. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ శరణార్థి శిబిరములో కలరా చెలరేగినప్పుడు, సూది మందు నీరు అయిపోవగా, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని పీపాలలో నింపి త్రాగించినారు. నూటికి ముప్పై వరకు పోతున్న ప్రాణములు నూటికి నాలుగు లోపునకు తగ్గినవి. మన అవ్వలు కడుపు జారినవారికి గంజిలో ఉప్పు వేసి త్రాగించినదీ ఈ సూత్రమే. గంజిలోని పిండి పేగులో గ్లూకోజుగా మారుతుంది. చప్పిడి పథ్యము పెట్టిన చేయే ఉప్పు గంజి కూడా ఇచ్చినదని మరువరాదు. మనము మొదటిదానిని పట్టుకొని రెండవదానిని విడిచినాము.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ఓ.ఆర్.ఎస్. అనే అక్షరములు డబ్బా మీద ఉన్నంత మాత్రమున అది ఓ.ఆర్.ఎస్. కాదు. ఆ పేరుతో చక్కెర మితిమీరిన, ఉప్పు తక్కువైన తీపి పానీయములు చాలకాలము దుకాణములలో అమ్ముడుపోయినవి. హైదరాబాదు శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి దీని మీద పోరాడినారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అటువంటి పానీయముల పేర్లలో ఆ అక్షరములు వాడరాదని ఆజ్ఞ జారీ చేసినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుండి చెబుతున్న పాళ్ళు ఇవి: లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సోడియం సిట్రేటు 2.9 గ్రాములు. పొట్లము మీద ఈ అంకెలు చూసి కొనండి. కొబ్బరినీళ్ళు మంచివే గాని, వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. అవి మాత్రమే త్రాగి ఉప్పు లోటు తీరినదనుకోవడం పొరపాటు.

ఉప్పు అందరికంటె ఎక్కువ కావలసినది పెద్దపేగు తీసివేయబడినవారికి. మందులకు లొంగని జబ్బులో శస్త్రవైద్యులు పెద్దపేగును తొలగించి, చిన్నపేగు కొసను పొట్ట మీదికి తెచ్చి సంచీ అమరుస్తారు. దీనినే ఇలియాస్టమీ అంటారు. నీటినీ ఉప్పునూ చివరగా పిండుకొనే పెద్దపేగు లేదు గనుక, కుదుటపడిన తరువాత కూడా సంచీలో దినమునకు అర లీటరుకు పైగా ద్రవము దిగుతుంది. దానితో సుమారు నాలుగు గ్రాముల ఉప్పు పోతుంది. అనగా ఆరోగ్యవంతునికి దినమంతటికీ చెప్పిన ఉప్పులో ఐదింట నాలుగు పాళ్ళు సంచీ పాలు! ఇట్టివారు అన్నములో ఉప్పు ధారాళముగా వేసుకొనవలెనని వైద్యులే చెబుతారు. సంచీ మరీ ఎక్కువగా నిండుతున్నప్పుడు వట్టి నీరు ఎక్కువగా త్రాగడం వలన నష్టము హెచ్చుతుంది: ఉప్పు లేని నీరు చిన్నపేగులోనికి దిగితే, పేగు తన ఉప్పును ఆ నీటిలోనికి వదులుతుంది. వినడానికి వింతగా ఉన్నా ఇది నిజము. దాహమైన మనిషి చేతి నుండి నీళ్ళ చెంబు తీసుకొని ఉప్పు కలిపిన ద్రావణము ఇవ్వవలసిన సందర్భము ఇది. ఇట్టివారికి మామూలు ఓ.ఆర్.ఎస్. కంటె కొంచెము ఉప్పు ఎక్కువగా ఉన్న ద్రావణమును వైద్యులు వ్రాసి ఇస్తారు. దాని పాళ్ళు వారినే అడుగవలెను.

ఇంతవరకు విని, పేగు జబ్బువారందరూ ఉప్పు పెంచవలెనని మాత్రము అనుకోకండి. జబ్బు అణగి, విరేచనములు మామూలై, మనిషి తేరుకొన్న తరువాత కథ మారుతుంది. అప్పుడతడు అందరివంటివాడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు దినమునకు 5 గ్రాములకు మించని ఉప్పు చాలునంటున్నవి. అనగా మట్టముగా ఒక చిన్న చెంచాడు. దేశమంతట జరిపిన సర్వేలో మనము సగటున 8 గ్రాములు తింటున్నట్లు తేలినది. ఇంటి లెక్క సులభము: నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములు. కిలో సంచీ నెల తిరగకుండా అయిపోతున్నదంటే మీకే తెలుస్తుంది. ఆ పైన వేసవిలో మామిడికాయ తొక్కుకు కొలిచి పోసిన ఉప్పును ఎవరూ ఈ లెక్కలో కలపరు. అప్పడములు, వడియములు, ఎండుచేపలు కూడా లెక్కకు రానివే. సైంధవ లవణమైతే దోషము లేదని కొందరంటారు. సైంధవములోనూ సోడియం ఇంచుమించు అంతే; పైగా అయోడిన్ కలపనిది అయితే ఆ లాభము కూడా పోతుంది.

అధికమైన ఉప్పు పేగు జబ్బును రేపుతుందా అన్న ప్రశ్న కొన్నేండ్లుగా శాస్త్రవేత్తలను వేధిస్తున్నది. 2013లో రెండు పరిశోధక బృందములు ఒకేసారి ఒక సంగతి ప్రకటించినవి: ఉప్పు హెచ్చితే రక్షణ కణములలో టి.హెచ్. 17 అనే ఒక జాతి రెచ్చిపోతున్నదని. శోథవ్యాధులలో కీడు చేసే కణములలో ఇవి ముఖ్యమైనవి. ఉప్పు ఎక్కువ మేపిన ఎలుకలలో పేగు వాపు తీవ్రమైనట్లు అటు తరువాతి ప్రయోగములు చూపినవి. 2017లో పన్నెండు మంది ఆరోగ్యవంతులైన పురుషులకు పదునాలుగు దినములు దినమునకు 6 గ్రాముల అదనపు ఉప్పు ఇచ్చి చూసినారు. వారి పేగులలో మజ్జిగ జాతి మేలి సూక్ష్మజీవులు, అనగా లాక్టోబాసిల్లస్‌లు, సన్నగిల్లినవి; రక్తపోటు పెరిగినది. ఇదంతా ఒక వైపు. మరొక వైపు, అమెరికాలో రెండు లక్షలకు చేరువైన నర్సులను ఏండ్ల తరబడి గమనించిన అధ్యయనములో తిన్న సోడియంకూ ఈ జబ్బు రావడానికీ సంబంధము కనబడలేదు. పొటాషియం ఎక్కువగా తిన్నవారిలో క్రోన్స్ వ్యాధి తక్కువగా ఉన్నది. ఎలుక బోనులో రుజువైనదంతా మనిషి విస్తరిలో రుజువైనట్లు కాదు. 2021లో భారతదేశముతో సహా ఇరువదియొక్క దేశములలో లక్షకు పైగా మందిని చూసిన అధ్యయనము ఒకటి నాకు ఎక్కువ ఆలోచించదగినదిగా తోస్తుంది. యంత్రశాలలో మితిమీరి మార్చబడిన తిండి ఎక్కువగా తినేవారిలో పేగుల శోథవ్యాధి ఎక్కువ. అందులో శీతల పానీయములు, ఉప్పు చిరుతిళ్ళు ప్రత్యేకముగా పట్టుబడినవి. దోషము ఉప్పుదా, నూనెదా, వాటిని కలిపి ఉంచడానికి వాడే రసాయనములదా అన్నది తేలలేదు. కాని అణగి ఉన్న జబ్బు గలవారు ఆ దుకాణపు దండ నుండి పొట్లము త్రెంచకుండా ఉండడానికి అంతవరకు ఆగనక్కరలేదు. సకినము తినాలనిపిస్తే ఇంట్లో చేసినది ఒకటి తినవచ్చును.

ఉప్పు నిజముగా తగ్గించవలసిన కాలమొకటి ఉన్నది. ప్రెడ్నిసొలోన్ వంటి స్టీరాయిడు మందులు నడిచే కాలము. ఇవి శరీరములో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి, పొటాషియంను బయటకు నెట్టుతాయి. ముఖము ఉబ్బుతుంది, కాళ్ళు వాచవచ్చును, రక్తపోటు పెరగవచ్చును. తొక్కులు, అప్పడములు మానవలసినది అప్పుడే. అయితే విరేచనములు ఉధృతముగా ఉండగానే స్టీరాయిడు మొదలుపెట్టడం పరిపాటి. ఒక ప్రక్క మందు ఉప్పును పట్టుతున్నది, మరొక ప్రక్క పేగు ఉప్పును వదులుతున్నది. ఇట్టి రోగికి ఇంటివారు గాని, ఇరుగుపొరుగువారు గాని తూకము చెప్పలేరు. రక్తములో సోడియం, పొటాషియం పరీక్షించి వైద్యుడే చెప్పవలెను. వాపు చూసి భయపడి స్టీరాయిడును ఒక్కసారిగా మానడం ప్రాణాపాయము. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన కొత్తరకపు ఉప్పు కొందరు తెచ్చుకొంటున్నారు. మూత్రపిండములు బలహీనమైనవారూ, కొన్నిరకముల రక్తపోటు మందులు గాని, కొలైటిస్‌లో అరుదుగా ఇచ్చే సైక్లోస్పోరిన్ గాని వాడేవారూ వైద్యుని అడుగకుండా దాని జోలికి పోరాదు.

మందుల ప్రస్తావన వచ్చినది గనుక ఒక తెలుగువాని పేరు తలచక ఉండలేను. భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరు సంగ్రహణి వంటి స్ప్రూ అనే పేగు జబ్బుతో మరణించినారు. ఆయనకూ అది సోకగా మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారు. తరువాత అమెరికాలో లెడర్లే పరిశోధనశాలకు నాయకులై, 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేయించినారు. కొలైటిస్‌కు ఇచ్చే సల్ఫాసలజీన్ పేగులో ఫోలిక్ ఆమ్లమును సరిగా అందనీయదు గనుక దానికి తోడుగా ఆ మాత్రను ఇస్తారు. అదే పరిశోధనశాల నుండి వచ్చిన మెథోట్రెక్సేట్ క్రోన్స్ వ్యాధిలో పని చేస్తుందని 1995లో తేలినది. 1948లో కన్నుమూసిన ఆయన ఆ సంగతి ఎరుగరు.

ఇక ఇంటిలో చేయవలసిన పని. జబ్బు రేగి విరేచనములు పోతున్నప్పుడు అన్నము మెత్తగా వండి, గంజిలో, చారులో, పలుచని మజ్జిగలో నోటికి రుచించేటంత ఉప్పు వేయండి. ఆయుర్వేదము గ్రహణికి మజ్జిగను ప్రశస్తముగా చెప్పినది. పాలు పడని చాలమందికి మజ్జిగ పడుతుంది, పడకపోతే బలవంతము వద్దు. కారము, పచ్చిపులుసు, తొక్కు అప్పటికి ప్రక్కకు పెట్టండి. అవి ఉప్పును ఇచ్చినా మంటను కూడా ఇస్తాయి. క్రోన్స్ వ్యాధి వలన పేగు ఇరుకైనదని వైద్యుడు చెప్పి ఉంటే జొన్నరొట్టె, మక్క గట్క, పీచు కూరలు ఆయనను అడిగిన తరువాతనే పెట్టండి. రక్తపోటు, గుండె, మూత్రపిండముల జబ్బు ముందే ఉన్నవారు ఉప్పు పెంచడానికి ముందు తప్పక అడుగవలెను. లేచి నిలబడలేకపోయినా, పూట పొడుగునా మూత్రము రాకపోయినా, రక్తము ఎక్కువగా పోయినా, జ్వరముతో కడుపు ఉబ్బినా ఓ.ఆర్.ఎస్.తో కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోండి.

పొట్లము దొరకనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు మట్టపు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు కలపండి. కలిపిన తరువాత రుచి చూడండి. కన్నీటికంటె ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపండి. పొట్లము దొరికితే దానిలోని పొడి మొత్తము దాని మీద వ్రాసినంత నీటిలో ఒక్కసారే కలపవలెను. గ్లాసుకు కొంచెము, గ్లాసుకు కొంచెముగా చల్లుకొంటే పాళ్ళు తప్పుతాయి. కలిపినది మూతపెట్టి ఉంచి, కొంచెము కొంచెముగా త్రాగించి, ఇరువదినాలుగు గంటల తరువాత మిగిలినది పారబోసి కొత్తది కలుపుకొనండి.